మా ఇంట్లో లేని పెద్దమనిషి

నేను ట్రంకుపెట్టెతో నరసరావుపేటకి కాపరానికొచ్చిన ఏడాదే ఫోను కూడా ట్రంకుకాల్‌తో ఆ ఇంటికి కాపరానికొచ్చింది. ఇద్దరం కొత్తవాళ్ళమే. కాకపోతే దానికి బొట్టు పెట్టి, కుట్టుపూల గుడ్డ కప్పి, హాల్లో బల్లమీద కూర్చోబెట్టారు. నన్ను వంటింట్లోకి పంపారు. ఎనభైల మొదట్లో ఆ వీధి మొత్తానికి అదొక్కటే ఫోను. ప్లీడరైన మా మామగారు దరఖాస్తు పెట్టి పెట్టి, ఆశ వదులుకున్నాక వచ్చింది. "దావా సంగతి మర్చిపోయాక డిక్రీ చేతికొచ్చినట్టుంది" అన్నారాయన, రిసీవరు ఎత్తి, ఎవరికి చెయ్యాలో తోచక మళ్ళీ పెట్టేస్తూ.

ఆ ఫోనుతోపాటు ఇంకో పెద్దమనిషి మా ఇంటికొచ్చాడు. వచ్చాడనడం తప్పు. ఆయన మా ఇంట్లో లేడు, ఎప్పుడూ లేడు. ఆయన్ని పట్టుకుని మేం తికమకపడుతూ నవ్వుకున్న రోజుల్లోనే, అదే ఊళ్ళో స్టేషనుకి అవతల, ఒక లారీ డ్రైవరు భార్య తన మొగుడు ఏమయ్యాడో తెలియక అన్నం సయించక కూర్చుని ఉంది. ఆమెకి చేరాల్సిన కబురు మాకు చేరుతోంది. అది కబురని మాకు తెలియదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. చదివేవాళ్ళు కూడా తికమకపడాల్సిన పనిలేదు, ఆ పని మా ఇంటిల్లిపాదీ కలిసి సరిపడా చేశాం.

మొదటిసారి మోగినప్పుడు దీపాలు పెట్టే వేళ. పై ఊళ్ళ నుంచి వచ్చే ట్రంకుకాల్ మోత వేరు, ఊపిరి తీసుకోకుండా మోగుతుంది. అందరూ లేచి నిలబడ్డారు, ఎవరూ ఎత్తలేదు.

"ఏమే, నువ్వు బియ్యే చదివింది ఇందుకే గదా. పో, ఎత్తు" అంది మా అత్తగారు.

అప్పటిదాకా నా బియ్యే ఎందుకో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. వెళ్ళి ఎత్తాను.

"ట్రంకుకాల్. వరంగల్లు నుంచి పి.పి. ఫలానా ఆయన ఉన్నారా?" అన్నాడు ఎక్స్ఛేంజి ఆపరేటరు.

ఫలానా అని ఆయన అనలేదు, ఒక పేరు చెప్పాడు. ఆ పేరున్నవాళ్ళు పల్నాడులో వీధికొకరుంటారు కాబట్టి ఇక్కడ రాసి వాళ్ళందరినీ ఉలిక్కిపడేలా చెయ్యను. మా ఇంట్లో మాత్రం ఆ పేరుగలవాళ్ళు లేరు.

"లేరండీ" అన్నాను.

"సరే" అన్నాడు. టక్.

పి.పి. అనేసరికి మామగారు భుజం మీద తువ్వాలు సర్దుకున్నారు. "పబ్లిక్ ప్రాసిక్యూటరు గారా? ఏ కేసులోనమ్మా?" అని ఆ పూటంతా పాత కాగితాలు తిరగేశారు. మర్నాడు టెలిఫోను ఆఫీసులో కనుక్కుంటే తేలింది, పి.పి. అంటే ఒక మనిషి పేరు చెప్పి ఆ మనిషే కావాలని చేసే కాల్ అట. ఆ మనిషి దొరికితే మాట్లాడిన దానికి డబ్బు పడుతుంది. దొరక్కపోతే నామమాత్రం రుసుము తీసుకుని వదిలేస్తారు.

తర్వాత అదే వేళకి ఆదిలాబాదు నుంచి వచ్చింది. ఆ తర్వాత నాగపూరు నుంచి. ఊరు మారేది గానీ ఆ పెద్దమనిషి పేరు మారేది కాదు. ఇటార్సీ, ఝాన్సీ, గ్వాలియరు. కాలేజీలో లెక్కలు చెప్పే మా ఆయన తను చిన్నప్పుడు వాడిన అట్లాసు తీసి, పెన్సిలుతో చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. చుక్కలన్నీ చీమల బారులా పైకి పాకుతున్నాయి.

"ఎవడో ఢిల్లీ మీద దండయాత్రకి పోతన్నాడు" అన్నాడు.

"పరారీలో ఉన్న ముద్దాయి. దేశం మీద తిరుగుతా మనిల్లు కాపలా కాస్తన్నాడు" అన్నారు మామగారు.

"మీకు లోకమంతా ముద్దాయిలే. కాశీకి పోయే ఏ ముసలాయనో, తోబుట్టువు కోసం అడుగుతన్నాడు" అంది అత్తగారు.

నా ఉద్దేశం ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు కూడా. నాకు అర్థం కానిదల్లా ఒకటే. లేడని చెప్పిన మనిషి కోసం అదే ఇంటికి అన్ని ఊళ్ళ నుంచి ఎందుకు చేస్తారు? పైగా లేడని చెప్పగానే అవతల ఎవరూ విసుక్కున్నట్టు కూడా ఉండదు.

ఒకసారి ఆపరేటర్నే అడిగాను. "అసలు చేసేది ఎవరండీ?"

"పేరు ఇవ్వలేదమ్మా."

"మగా ఆడా?"

"అక్కడి ఆపరేటరు మాకు చెప్తాడు, మేం మీకు చెప్తాం. మనుషులు మాక్కూడా కనపడరమ్మా."

ఇక లాభం లేదని మామగారే రంగంలోకి దిగారు. రావలసిన వేళకి కుర్చీ లాక్కుని ఫోను ముందు కూర్చున్నారు. మోగింది. "వారి పూర్తి పేరు, తండ్రి పేరు, కాపరస్తు ఏ ఊరు, ఏ నిమిత్తం..." అని మొదలుపెట్టారు. ఆపరేటరు కాసేపు విని, "సార్, ఇయ్యన్నీ ఎందుకు. మనిషి ఉన్నాడా, లేడా? అదొక్కటి చెప్పండి చాలు" అన్నాడు. కోర్టులో సాక్షుల్ని జీవితమంతా అవునా కాదా అని అడుగుతూ వచ్చిన మనిషికి ఆ ప్రశ్న తిరిగొచ్చింది. మామగారు గొంతు సవరించుకుని, "లేడు" అన్నారు. బోను దిగిన సాక్షిలా కుర్చీలోంచి లేచారు.

ఆ వేసవిలోనే ఒక సాయంత్రం అత్తగారూ నేనూ కూరగాయలకి వెళ్ళి గుంటూరు రోడ్డు మీదుగా వస్తున్నాం. ఆ దారిలో ఒక లారీ బుకింగ్ ఆఫీసు ఉండేది. మూతపడింది, తలుపుకి తాళం. ఆ మెట్టు మీద ఒకామె కూర్చుని ఉంది. మిరపకాయల తొడిమలు తీసే పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీరంతా ఎర్రటి దుమ్ము. దగ్గరికి రాగానే అత్తగారు తుమ్మింది. తుమ్మినాక ఆగాలని ఆగింది.

"ఎవరి కోసం అమ్మా, ఈడ కూర్చున్నావు?"

"ఫోను కోసం, పిన్నీ."

"తాళం ఏసిన ఆఫీసుకి ఫోనేంది తల్లీ?"

"మా ఇంటాయన లారీ మీద పోయాడు. కబురు ఈడికే వచ్చుద్ది. ఆఫీసు మూసేశారని ఆయనకి తెలవదు. ఎవురన్నా తాళం తీస్తే అడుగుదామని..." అని చేతిలోని ఇటుకముక్కతో మెట్టు మీద గీతలు గీస్తూ ఆగిపోయింది. "రాజస్తాన్ పక్క లారీలు తగలబెడతన్నారంట గదా పిన్నీ. నిజమేనా?"

"అట్టాంటిదేం లేదు, ఎవురో పుకారు పుట్టిచ్చుంటారు" అంది అత్తగారు. అంతలో ఏదో గుర్తొచ్చి, "పదవే తొందరగా, మన పెద్దమనిషి ఫోనొచ్చే వేళయింది" అని నా చెయ్యి పట్టుకుని లాగింది. ఇద్దరం గబగబా ఇంటికి నడిచాం. ఆమెకి రావలసిన ఫోను ఎత్తడానికి ఆమెని మెట్టు మీద వదిలి పరిగెత్తాం. నా పక్కన బియ్యే నడుస్తోంది, ఆవిడ పక్కన అనుభవం నడుస్తోంది, రెండింట్లో ఏదీ మాతో పలకలేదు.

ఢిల్లీ దాకా వెళ్ళిన చుక్కలు అక్కడి నుంచి ఎడమకి తిరిగి, తర్వాత మళ్ళీ కిందికి దిగడం మొదలుపెట్టాయి. అత్తగారికి బెంగ పట్టుకుంది.

"లేడు లేడు అని ఎన్నిసార్లంటామే? పాపం, అంత దూరం నుంచి నోరు తెరిచి అడుగుతన్నాడు. మనింటికొచ్చి మంచినీళ్ళు అడిగినోణ్ణి కూడా ఒట్టి చేతుల్తో పంపలేదు నేను. ఉసురు తగులుద్ది."

"లేని మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తాం అత్తయ్యా?"

"ముందు ఉన్నాడంటే, సంగతేందో చెప్తాడు గదా. ఆ తర్వాత మనమే ఎతికి పెడదాం."

ఆ సాయంత్రం నా చేతులు దోసెల పిండిలో ఉన్నాయి. ఫోను మోగింది. చేతులు కడుక్కుని హాల్లోకి వచ్చేసరికే అత్తగారు రిసీవరు ఎత్తేసింది. తలకిందులుగా పట్టుకుంది, మా ఆయన తిప్పి పెట్టాడు. నాగపూరు నుంచి పి.పి. అన్నాడు ఆపరేటరు.

"ఉన్నాడు నాయనా! ఉన్నాడు, చెప్పు!" అని అరిచింది, నాగపూరు దాకా వినపడాలని.

ఆపరేటరు అటువైపు లైను కలిపాడు. తర్వాత "మాట్లాడండి" అన్నాడు. చాలా దూరం నుంచి, నూతిలోంచి వచ్చినట్టు ఒక మగ గొంతు. అత్తగారు రిసీవరు చెవికి దూరంగా పట్టుకోవడం వల్ల మాకూ వినపడింది.

"ఏందీ? ఉన్నాడా?"

"ఉన్నాడు బాబూ. భోంచేస్తన్నాడు. సంగతేందో నాకు చెప్పు."

అవతల "అయ్యో!" అన్న ఒక్క కేక. లైను పోయింది.

"సంతోషం పట్టలేకపోయాడు పిచ్చినాయన" అంది అత్తగారు కళ్ళొత్తుకుంటూ.

తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. రావలసిన వేళకి మేం అందరం హాల్లో చేరేవాళ్ళం, ఫోను మాత్రం నోరు మెదిపేది కాదు. అట్లాసులో చుక్కలు నాగపూరు దగ్గర నిలబడ్డాయి. ముందు రోజుల్లో ఎందుకు చేస్తున్నాడో అర్థం కాలేదు, ఇప్పుడు ఎందుకు చెయ్యడం లేదో అర్థం కాలేదు. "ఆ అయ్యో సంతోషం అయ్యోనేనంటావా?" అని అత్తగారు నన్ను చాటుగా అడిగింది. నేను అవునన్నాను, నమ్మకం లేకుండానే.

ఒక పొద్దున మామగారు కోర్టుకి బయల్దేరుతుంటే గేటు దగ్గర ఇద్దరు మనుషులు. మాసిన గడ్డం, నలిగిన చొక్కాతో ఒకాయన. వెనకాల ఒకామె. మొహం చూడకముందే అత్తగారు తుమ్మింది. తుమ్మి, "మెట్టు మీద అమ్మాయి!" అంది.

"ఈ ఫోను నంబరు మీదేనా అయ్యా?" అన్నాడు అతను. "టెలిఫోను ఆఫీసులో అడిగొచ్చా. బుకింగాఫీసు మూస్తే ఆ నంబరు ప్లీడరు గారికిచ్చారని చెప్పారు."

ఆయనెవరో కనిపెట్టడానికి మేం వేసవంతా తన్నుకులాడాం. మేమెవరమో ఆయన ఒక పూటలో కనిపెట్టాడు.

"ఉన్నాడని చెప్పిందెవరమ్మా?"

"నేనే నాయనా" అంది అత్తగారు, స్తంభం చాటు నుంచి.

అతను వరండా గట్టు మీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. ఆ పెద్దమనిషి అసలు లోకంలోనే లేడు. లారీ మీద పోయేవాళ్ళకి ఊరూరా ఇంటికి మాట్లాడే స్తోమత ఉండదు. అందుకని ఎవరికీ చెందని ఒక పేరు అనుకుని, ఆ పేరుతో పి.పి. చేస్తారు. చేశాడంటే క్షేమంగా ఆ ఊరు చేరాడని అర్థం. ఆఫీసు గుమాస్తా "లేరు" అంటాడు, అంటే ఇంట్లో అందరూ బాగున్నారని. తర్వాత భార్యకి కబురు పంపుతాడు. ఇంట్లో ఏదన్నా జరగరానిది జరిగితేనే గుమాస్తా "ఉన్నారు" అనాలి. అంటే, ఉన్నపళాన రమ్మని.

"మీరు లేడు లేడంటా ఉంటే ఇల్లు సల్లంగా ఉందనుకుని నిమ్మళంగా బండి తోలుకున్నా. దీనికేమో ఒక్క కబురు లేదు" అన్నాడు. "ఆ రోజు ఉన్నాడనంగానే బండి రెండో డ్రైవరు చేతిలో పెట్టి రైలెక్కా. దానికి తోడు భోంచేస్తన్నాడంట! ఉన్నాడంటే ఏందో మా లెక్కలో ఉంది. భోంచేస్తన్నాడంటే ఏందో లేదు. రైల్లో దారి పొడుగునా అదే ఆలోచన. దినం భోజనాలేమో అనుకున్నానమ్మా."

 మామగారు కోర్టు కోటు విప్పి కుర్చీకి తగిలించారు.

"ఇంటికొచ్చి తలుపు తోస్తే ఇది కూర్చోనుంది" అన్నాడతను. "నేను దీన్ని చూసి ఏడుస్తన్నా, ఇది నన్ను చూసి ఏడుస్తంది. ఎవురు బతికొచ్చారో ఇద్దరికీ తెలవలేదు."

"ఈమె దగ్గరే ఆగా గదే ఆ రోజు" అంది అత్తగారు నాతో. "అడిగా గూడా. అడిగి, నిన్ను లాక్కుని పరిగెత్తుకొచ్చా." తర్వాత ఆమె వైపు తిరిగి, "తిన్నావా తల్లీ?" అంది. ఆమె తల అడ్డంగా ఊపింది. అత్తగారు వేడన్నంలో నెయ్యి వేసి, ఆమె తినేదాకా ఎదురుగా కూర్చుంది. మొదటి ముద్ద చాలాసేపు చేతిలోనే ఉంది. తర్వాత ఇంకో రెండుసార్లు వడ్డించుకుంది.

అతను మళ్ళీ బండెక్కే ముందు ఒప్పందం చెయ్యాల్సి వచ్చింది. ఇకమీద లేడని ఎవరు చెప్పాలి? "నేను చెప్తా, నాకు అలవాటే" అన్నారు మామగారు. "వొద్దు, మీరు తండ్రి పేరు అడుగుతారు" అంది అత్తగారు. తను మాత్రం చచ్చినా చెప్పనంది. ఒకసారి ఉన్నాడని, భోజనం కూడా పెట్టిన మనిషిని మళ్ళీ లేడనడానికి ఆవిడకి నోరు రాదట. చివరికి అత్తగారే తేల్చింది. "ఆ అమ్మాయినే రమ్మను. పని దిగి ఇట్టా వచ్చి కూర్చుంటది. దాని ఫోను అదే ఎత్తుకుంటది."

అలా ఆమె సాయంత్రాలు మా వరండాలోకి రావడం మొదలుపెట్టింది. ఆమె వచ్చిందని ఇంట్లో అందరి తుమ్ములూ చెప్పేవి. ఫోను మోగగానే చేతులు చీరకి తుడుచుకుని, రెండు చేతుల్తో రిసీవరు ఎత్తేది. ఆపరేటరు ఆ పేరు అడిగేవాడు. ఆమె "లేరండీ" అనేది. ఆ ఒక్క మాటా ఎంత నిదానంగా, ఎంత సాగదీసి అనేదంటే, మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత అర్థమైంది, లైను తీసేలోపు ఆ గొంతు అవతలిదాకా పోతుందేమోనని ఆమె ఆశ.

పోయేదో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆమె మొగుణ్ణి అడగాలనిపించేది గానీ అడగలేదు. ఒకటి మాత్రం గమనించాను. నాకైతే "సరే" అని టక్కున పెట్టేసిన ఆ ఆపరేటరు, ఆమె "లేరండీ" అన్నాక లైను తియ్యడానికి కాస్త ఆలస్యం చేసేవాడు. ఆ కాస్తలో ఆమె ఊపిరి కూడా తీసుకోకుండా రిసీవరు చెవికి అదిమి పట్టుకుని నిలబడేది. తర్వాత పెట్టేసి, మా అందరి వైపు తిరిగి, "నాగపూరు దాటాడంట" అనేది.