ఉపవాసం నాడు పాకం వాసన

మొన్నటి దాకా మా చర్చిల నన్ను సుజాత అనేటోళ్లు. శుక్రవారం సంది బేకరీ సిస్టర్ అంటున్నరు. ముఖం మీద అనరు, నేను అటు తిరిగినంక అంటరు. పండగ అయిపోయినా ముఖం గిట్ల పెట్టుకున్నవేంది అని పొద్దుగాల ఆఫీసుకొచ్చిన సంది అడుగుతున్నరు కదా, గదే చెప్త. చాయ్ పట్టుకొని కూసోండ్రి.

మొదలైంది అబిడ్స్‌ల. గుడ్ ఫ్రైడేకి మేం తెల్లచీరలు కట్టుకుంటం. నా తెల్లచీర మీదికి జాకెట్ బిగుతయ్యింది. లావైన అని ఒప్పుకోబుద్ధి కాలే. ఉతుకుల గుడ్డ దగ్గరపడ్డదని మా ఆయనకు చెప్పి, ఆఫీసు అయినంక నాంపల్లి నుంచి నడుచుకుంట పోయి జాకెట్ గుడ్డ కొన్న. తిరిగొస్తుంటే ఒక దుకాణం ముందర కాళ్లు ఆగిపోయినయి. లోపల్నుంచి వాసన. చక్కెర మాడేటప్పుడు, ఇంక జర ఉంచితే చేదైతది అనంగ ఒక వాసన వస్తది చూడుండ్రి, గది. దాని వెనక పాలు కాగుతున్నట్టు ఇంకోటి. స్వీటు షాపే అనుకొని లోపటికి పోయిన. చూస్తే అన్నీ సీసాలు.

"ఈడ ఏం వండుతున్నరు?" అని అడిగిన.

దుకాణం పెద్దాయన నవ్విండు. "ఏం వండుతలేం అమ్మా. సెంటు అది. బయటి దేశంది."

"సెంటంటే మల్లెపూలు, గులాబీ, గంధం గదా."

"ఔ. ఇప్పుడు మీఠా వాసనలు గూడ వస్తున్నయి. చెయ్యి ఇటు పెట్టండి." మణికట్టు మీద ఒక్కసారి కొట్టిండు. "ఇప్పుడే చెప్పకండి. ఇంటికి పోయి చెప్పండి."

నాకు వాసనల సోకు ఎన్నడూ లేదు. పౌడరు, కొబ్బరినూనె, అంతే. కానీ ఇది నన్ను పట్టుకున్నది. తినేదాని వాసన వస్తున్నది, తినేది మాత్రం లేదు. ఎట్ల? దుకాణంల ఉన్నప్పుడు నారింజ తొక్క గిల్లినట్టు ఉండె. స్టేషన్ రోడ్డు ఎక్కేసరికి నారింజ పోయి పాకం వచ్చింది. ఇంట్ల అన్నం వార్చేటప్పుడు చూస్తే పాకం మెత్తబడి, వేడిపాల మీద మీగడ తీరుగైంది. తెల్లారి జాకెట్ చెయ్యికి ఇంక కొంచెం మిగిలింది. అప్పుడు మీగడ గూడ పోయి, పాత చెక్క అలమార తలుపు తీసినట్టు ఉన్నది. ఒక్కసారి కొడితే ఇన్ని వేషాలా అని, ఆ సాయంత్రం మల్ల అబిడ్స్ పోయి సీసా కొనుక్కున్న.

ఇగ నా పని ఒక్కటే. కనబడ్డోళ్లకు చెయ్యి చాపుడు, ఏం వాసన అని అడుగుడు. ఈడ కూసున్న పద్మ ఏమన్నది? ఉస్మానియా బిస్కెట్ అన్నది. సూపరింటెండెంట్ సార్ చేతికేమన్న నొప్పా అని అడిగిండు, ఎందుకంటే టైపు చేసుకుంట చేసుకుంట మణికట్టు ముక్కుకు పెట్టుకుంటున్న గదా. లక్డీకాపూల్ పోతుంటే ఆటో ఆయన వెనక్కి తిరగకుంటనే, "మేడం, ఖుబానీ కా మీఠా తీసుకపోతున్నరా, షాదీ ఉన్నదా?" అన్నడు. మా ఆయన ప్రకాశ్ ఒక్కడే, కండ్లు మూసుకొని చాలాసేపు వాసన చూసి, "చిన్నపిల్లల దగ్గుమందు" అన్నడు.

నాకు మస్తు కోపమొచ్చింది. తర్వాత ఆలోచించిన. ఒక్క సీసాల బిస్కెట్, ఖుబానీ, దగ్గుమందు ఎట్ల ఉంటయి? సీసాల లేవు, వాళ్ల వాళ్ల నోళ్లల్ల ఉన్నయి. ఎవరికి ఏది ప్రాణమో వాళ్లకు గదే వస్తున్నది. మరి దగ్గుమందేంది అని మా ఆయన్ను నిలదీసిన. చిన్నప్పుడు దగ్గు లేకున్నా సీసా ఎత్తి తాగేటోడంట.

ఇగ గుడ్ ఫ్రైడే సంగతి. మా చర్చి అబిడ్స్‌ల ఒక సందు లోపట ఉంటది. మీల తెల్వనోళ్లకు చెప్తున్న, ఆ రోజు పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన. యేసుప్రభువు సిలువ మీద పలికిన మాటలు ఏడు. ఒక్కో మాట మీద ఒక్కొక్కరు లేచి మాట్లాడాలె. అందరం ఉపవాసం. మూడింటికి హాల్ల గంజి తాగి ఇడుస్తం. ఏడు మాటలూ ఎప్పుడూ మొగోళ్లే చెప్తరు, మహా అయితే పాస్టరు అయ్యగారి భార్య, అమ్మగారు, ఒకటి చెప్తది. ఈసారి ఐదో మాట, 'నేను దప్పిగొనుచున్నాను' అని దాహం గురించి ఉన్న మాట, నాకిచ్చిన్రు. నెల ముందు సంది అద్దం ముందర నిలబడి చెప్పుకుంటున్న. ఈ కబురు మెదక్ అవతల ఊర్ల ఉన్న మా అత్తమ్మకు పోయింది. "నా కోడలు చర్చిల వాక్యం చెప్తదంట" అని ఊరంత చెప్పి, మొదటి బస్సుకు ఎక్కి సీదా చర్చికే వస్తనని ఫోన్ చేయించింది.

అందుకే భయం పట్టుకున్నది. అయ్యగారి ముందర తడబడ్డా పర్వాలేదు, అత్తమ్మ ముందర తడబడొద్దు.

ఆ పొద్దున తెల్లచీర కట్టుకున్న. ఆ రోజు నగలు పెట్టుకోం గదా, గాజులు తీసేసిన, గొలుసు తీసేసిన. సెంటు సీసా మాత్రం చేతిలకు వచ్చింది. వాసన నగ కాదు గదా, ఎవరికి కనబడుతది, జర ధైర్యంగ ఉంటది అనుకొని మెడకు రెండుసార్లు కొట్టిన. ఆటో ఎక్కి చూసుకుంటే వాసన లేదు. పోయింది అనుకొని మల్ల కొట్టిన. చర్చి గేటు కాడ దిగి చూసుకుంటే మల్ల లేదు. చీర కొంగుకు కొట్టిన, మోచేతులకు కొట్టిన. ఏందీ సీసా పాడైందా అని ఇంకోసారి గూడ కొట్టి చూసిన.

నాకు అప్పుడు తెల్వని సంగతి ఒకటున్నది. మన ముక్కుకు మన వాసన అలవాటైపోతది. మనకు రాదు. పక్కోళ్లకు వస్తనే ఉంటది.

పాటల బృందంల రూతక్క పక్కన కూసున్న. అత్తమ్మ అప్పటికే వచ్చి, ముందు బెంచీల ముసలమ్మల మధ్యల తెల్లచీర కప్పుకొని కూసున్నది. నన్ను చూసి తల ఊపింది. మొదటి మాట అయ్యింది, రెండో మాట అయ్యింది. మూడో మాట నడుస్తుంటే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగినయి. ఏప్రిల్ ఎండ, నిండిన చర్చి. మైకు బ్యాటరీ మీద నడుస్తది కాబట్టి మాట ఆగలే, కానీ వినేటోళ్లు ఆగిన్రు. ఒక్కొక్కరు ముక్కు పైకెత్తి అటు చూస్తున్నరు, ఇటు చూస్తున్నరు. మా వెనక ఎవరిదో కడుపు కప్ప అరిచినట్టు అరిచింది. రెండోది జవాబిచ్చింది.

నాకేం సమజ్ కాలే. అందరికి ఆకలైతున్నట్టుంది, పాపం అనుకున్న.

నాలుగో మాట అయినంక అయ్యగారు లేచిండు. "సంఘస్తులు క్షమించాలె. హాల్ల ఎవరన్న ఏమన్న వండుతున్నరా? ఈ రోజు అది మంచిది కాదు."

సాల్మన్ అంకుల్ మా సంఘపెద్ద, రైల్వేల రిటైరయ్యిండు, క్రమశిక్షణ మనిషి. తాళంచెవులు తీసుకొని హాలుకు పోయిండు. ఆయన వచ్చేదాక అందరం కూసున్నం. ఆరాధన ఆగింది. మా చర్చిల ఎన్నడూ ఆరాధన ఆగలేదంట, తర్వాత చెప్పిన్రు. అంకుల్ చెమటలు తుడుచుకుంట వచ్చి, "గంజి తప్ప ఏం లేదు అయ్యగారు. పొయ్యి గూడ చల్లగున్నది" అన్నడు.

"అయితే పక్క సందుల బేకరీ నుంచి వస్తున్నట్టుంది. అటు దిక్కు కిటికీలు మూయండి" అన్నడు అయ్యగారు.

కిటికీలు మూసిన్రు. ఫ్యాన్లు లేవు, గాలి లేదు. ఇంక వాసన ఎటు పోవాలె? అప్పుడు రూతక్క నా దిక్కు వంగింది. నా భుజం కాడ వాసన చూసింది. నా ముఖం చూసింది. మల్ల భుజం కాడ వాసన చూసింది.

"సుజాతా," అన్నది మెల్లగ, "నువ్వానే?"

సరిగ్గ అప్పుడే అయ్యగారు, "ఐదో మాట, సహోదరి సుజాత" అన్నడు.

పోక తప్పదు. లేచి నడిచిన. నేను ఏ బెంచీ పక్క నుంచి పోతే ఆ బెంచీల తలకాయలు నాతోపాటు తిరిగినయి. మైకు ముందర నిలబడ్డ. వెనక కుర్చీల కూసున్న అయ్యగారు దస్తీ తీసి ముక్కుకు పెట్టుకున్నడు. చెప్పుడు మొదలుపెట్టిన. చెమట పడుతున్నది. చెమట పట్టిన కొద్దీ సెంటు ఇంక వేడెక్కుతున్నది. దాహం గురించి చెప్పుకుంట చెయ్యి ఎత్తితే ముందు బెంచీలు వెనక్కి ఒరిగినయి, దించితే ముందుకొచ్చినయి. కొందరు కండ్లు మూసుకున్నరు. ప్రార్థనల ఉన్నరేమో అనుకున్న. పెదాలు తడుపుకుంటున్నరు.

ఇగ నాతోని కాలే. సాల్మన్ అంకుల్ మూసిన కిటికీ కాడ నిలబడి ఉడికిపోతున్నడు, షర్టంత తడిసింది. నా ఒక్కదాని సోకుకు ఇంతమంది ఉపవాసం ఉండి ఉక్కల కూసున్నరు.

"అయ్యగారూ, కిటికీలు తీయమనండి" అన్న మైకుల. "అది బేకరీ కాదు. నా దగ్గర్నుంచే వస్తున్నది."

గుడ్ ఫ్రైడే నాడు నవ్వొద్దు గదా. అందరు తలలు దించుకున్నరు. కానీ భుజాలు ఊగుతున్నయి. పెద్దల బెంచీ మొత్తం ఊగుతున్నది. అమ్మగారు కొంగు నోట్ల పెట్టుకున్నది. అంకుల్ ఒక్కొక్క కిటికీ తీసుకుంట పోయిండు, గాలి వచ్చింది. నేను రాసుకున్నదంత మరిచిపోయిన. నోటికొచ్చింది చెప్పిన. "మనకు మూడింటికి గంజి ఉన్నదని తెలుసు. అయినా ఇంత వాసనకే ఓర్చుకోలేకపోతున్నం. సిలువ మీద ఆయనకు అడిగినా నీళ్లియ్యలే" అన్న. అప్పుడు భుజాలు ఆగినయి. మిగిలింది సాఫ్‌గ చెప్పి దిగిన.

మూడింటికి గంజి తాగుతుంటే అయ్యగారు వచ్చిండు. తిడతడేమో అనుకున్న. "దాహం గురించి చెప్పమంటే ఆకలి గురించి గూడ చెప్పినవమ్మా" అన్నడు. జర దగ్గరికొచ్చి, మెల్లగ, "నాకైతే మా అమ్మ చేసే కొబ్బరి లౌజు వాసన వచ్చింది. ఆమె పోయి చాలా ఏండ్లయ్యింది" అన్నడు. అమ్మగారు ఆయన పోయినంక వచ్చి, ఆ సీసా ఏ దుకాణంల దొరుకుతదని అడిగింది.

హమ్మయ్య, గడిచింది అనుకున్న. గడవలే. అత్తమ్మ వచ్చింది. ఆమె వెనక ముందు బెంచీ ముసలమ్మలంత వరుసగ వచ్చిన్రు. అందరి చేతులల్ల గంజి గిన్నెలున్నయి. ఎవ్వరూ తాగలే.

"ఏవి బిడ్డా, తీయి" అన్నది అత్తమ్మ.

"ఏంది అత్తమ్మా?"

"అరిసెలు. నీ దగ్గర్నుంచే వస్తున్నదని మైకుల చెప్తివి గదా. ఉపవాసం ఇడిచేటందుకు చేసి తెచ్చినవని వీళ్లందరికి చెప్పిన."

"అరిసెలు కావు అత్తమ్మా, సెంటు."

"సెంటుకు పాకం వాసన ఎట్లొస్తది? నేను బెల్లం పాకం పట్టినదాన్ని, నాకు తెల్వదా?" అని నా హ్యాండ్‌బ్యాగ్ తీసుకొని, ముసలమ్మల ముందరనే తెరిచి వెతికింది. దువ్వెన, బస్ పాస్, పాటల పుస్తకం. కింద సీసా. తీసి, మూత వాసన చూసి, చాలాసేపు సీసా దిక్కే చూసింది. ఆ ముఖంల కోపం లేదు. పిలిచి విస్తరి ముందర కూసోబెట్టి, తినకముందే లేపినట్టు ఉన్నది. ముసలమ్మలు ఒక్కొక్కరు గంజి తాగుడు మొదలుపెట్టిన్రు.

నేను తట్టుకోలేకపోయిన. శుక్రవారం సాయంత్రమే బియ్యం నానబోసిన. శనివారం గిర్నీకి పోయి తడిపిండి పట్టించుకొచ్చిన. ఎన్నడూ ఒక్కదాన్నే అరిసెలు చెయ్యలే, మా ఆయన బెల్లం కొట్టిచ్చిండు, నేను పాకం పట్టిన, ఇద్దరం చేతులు కాల్చుకున్నం. ఈస్టర్ పొద్దున ఆరాధన అయినంక డబ్బా పట్టుకపోయి ముందు బెంచీ మొత్తానికి పంచిన. సెంటు కొట్టుకోలే, దేవుని తోడు.

అందరు తిన్నరు. మంచిగున్నయన్నరు. అత్తమ్మ ఒకటి తిని, రెండోది గూడ తిని, చేతులు తుడుచుకొని, నా దిక్కు ప్రేమగ చూసింది.

"ఇవి గూడ మంచిగనే ఉన్నయి బిడ్డా," అన్నది. "కానీ శుక్రవారంవే ఇంక బాగుండె."