పద్నాలుగేళ్ళ గ్యారంటీ

మా చిన్నప్పుడు... ఓ దసరాకి వారం ముందు, మా మావయ్య కాకినాడ నుంచి చంకలో అట్టపెట్టె పెట్టుకుని రామచంద్రపురంలో బస్సు దిగాడు. ఓడరేవులో సరుకు దించే పని ఆయనది. ఏదో ఓడలో ఒక తెల్లాయన తీరిక వేళల్లో రంగులేసుకునే బొమ్మలంట... స్నేహం కుదిరి మావయ్యకి ఒక పెట్టె ఇచ్చేశాడంట.

విప్పితే పన్నెండు గుర్రపు రౌతులు. ఒక్కొక్కటీ బొటనవేలంత. ఇంకా రంగు పడని బూడిద రంగు లోహం. అరచేతిలో పెట్టుకుంటే, ఇంత చిన్నదానికి ఇంత బరువేంటా అనిపించింది. చూసిన క్షణమే అవి నావి అనుకున్నాను.

పెట్టె వెనక చీమల బారులా ఇంగ్లీషు అక్షరాలు. అప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనే... ఆరో తరగతి, కాన్వెంటు చదువు. నాన్న ఇంగ్లీషు బస్సు బోర్డుల దగ్గరే ఆగిపోయింది. మందు సీసా అయినా, మిక్సీ డబ్బా అయినా నన్నే పిలిచేవారు. నేనేమో కాస్త బెట్టు చేసి, గొంతు సవరించుకుని మరీ చదివేదాన్ని.

"ఏం రాశాడో చదువు కోడలు పిల్లా" అన్నాడు మావయ్య.

మొదటి లైనులో ఒక మాట తెలియక డిక్షనరీ తెచ్చి చూశాను. ఇందులో సీసం ఉంది, అని.

"సీసమంటే వలలకి కట్టేదే కదేంటి! చిన్నప్పుడు మేం పళ్ళతో కొరికి బిగించేవోళ్ళం. మంచి బరువైన సరుకన్నమాట" అని మావయ్య సంబరపడ్డాడు.

రెండో లైనుకి డిక్షనరీ అక్కర్లేకపోయింది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వకూడదు, అని ఉంది. నాకు పదకొండు. అది పైకి చదివానా... దసరా బొమ్మల కొలువు ఎత్తేసిన మర్నాడే ఇవి అటకెక్కేస్తాయి. నాకింకో మూడేళ్ళు దొరకవు.

"పద్నాలుగేళ్ళ గ్యారంటీ అంట" అన్నాను.

మూడో లైను చదవనే లేదు. పెట్టె మూసేశాను.

అమ్మ మొహం వెలిగిపోయింది. కొలువులో రాములవారి మెట్టుకి అటు ఆరుగుర్నీ ఇటు ఆరుగుర్నీ కాపలా పెట్టింది. పేరంటానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. పక్కింటి రత్నంగారు బుగ్గలు నొక్కుకున్నారు. "పద్నాలుగేళ్ళా! మా గ్రైండరుకి రెండేళ్ళే ఇచ్చాడండీ!"

పండగయ్యాక గుర్రాలు నా చేతికొచ్చాయి. ఖాళీ అట్టపెట్టెని అమ్మ ట్రంకు పెట్టెలో, రేషను కార్డు పక్కన దాచింది. గ్యారంటీ కాగితాలు పారేసే మనిషి కాదు మా అమ్మ.

అప్పటికి తమ్ముడికి ఎనిమిదో నెల. పళ్ళొచ్చే రోజులు... ఏది దొరికితే అది నోట్లో. ప్లాస్టిక్ గిలక్కాయ ఇస్తే రెండు రోజుల్లో ముక్కలు చేశాడు. అప్పుడు అమ్మ నా గుర్రాల్లోంచి ఒకటి తీసింది. ఈటె ఉన్నది గుచ్చుకుంటుందని, ఈటె లేనిది ఏరి మరీ తీసింది. వేణ్ణీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వాడి చేతికిచ్చింది. "ఇదైతే విరగదు. గ్యారంటీ ఉంది కదా" అంది.

నేను అక్కడే ఉన్నాను. హోంవర్కు చేసుకుంటున్నాను. తలెత్తి చూసి, మళ్ళీ లెక్కల్లో పడ్డాను.

వాడికి ఆ గుర్రమంటే ప్రాణం. ఏణ్ణర్థం పాటు చేతిలోంచి వదల్లేదు. గుర్రం చెవులు అరిగిపోయాయి... రౌతు మొహం చదునైపోయింది.

వాడికి మాటలు ఆలస్యంగా వచ్చాయి. కడుపునొప్పని మెలికలు తిరిగేవాడు. అమ్మ ద్రాక్షారామంలో మొక్కుకుంది, తాయెత్తు కట్టించింది. కాకినాడ పెద్దాసుపత్రిలో నులిపురుగుల మందిచ్చారు. బళ్ళో మాస్టారు మొద్దబ్బాయి అన్నారు. ఏడో తరగతి రెండుసార్లు చదివి మానేశాడు.

ఆ బొమ్మ వల్లే అని నేను చెప్పలేను. తర్వాతెప్పుడో ఒక డాక్టరుగారిని అడిగాను. "ఇన్నేళ్ళ తర్వాత ఏం చెప్పగలమమ్మా" అన్నారు. అందువల్ల కాదని కూడా ఆయన అనలేదు.

నాకు పాప పుట్టాక కాకినాడలో ఒక బొమ్మ కొన్నాను. డబ్బా మీద 'సీసం లేదు' అని పెద్ద అక్షరాలతో గొప్పగా రాసుంది. అది లేకపోవడం ఇంత గొప్పేంటా అని వెతికి చదివాను. సీసం నోట్లోకి వెళితే పసిపిల్లల మెదడు సరిగా ఎదగదట. ఆ వారమే రామచంద్రపురం వెళ్ళి ట్రంకు పెట్టె తీశాను. అట్టపెట్టె భద్రంగా ఉంది. మూడో లైను అప్పుడు చదివాను. నమిలినా, మింగినా హానికరం... అంతే. చాలా చిన్న వాక్యం.

ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు. లోపల ఎక్కడో తిమ్మిరెక్కినట్టుంది, గిల్లినా తెలియడం లేదు.

అమ్మకి చెప్పేశాను. కూర్చోబెట్టి, మూడు లైన్లూ తెలుగులో చదివి వినిపించాను. తిడుతుందనుకున్నాను. తిడితే బావుండేది.

అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆగలేదు. తలెత్తకుండానే అంది... "నువ్వు చిన్నపిల్లవే. నోట్లో పెట్టింది నేను కదే."

ఇంకో కాయ అందుకుని, "వాడికి చెప్పకే" అంది.

నా బరువు దించుకుందామని వెళ్ళి అమ్మ నెత్తిన పెట్టి వచ్చాను. అప్పటినుంచి వాడికి అన్నం పెట్టేటప్పుడు అమ్మ వాడి మొహం వైపు చూడడం లేదు. వాడు గమనించాడో లేదో తెలియదు. సైకిల్ షాపులో పని చేసుకుంటాడు, ఎవరి జోలికీ వెళ్ళడు.

ఇప్పుడు ప్రతి డబ్బా మీదా హెచ్చరికలే. తెలుగులో కూడా వేస్తున్నారు, ఫోను పెడితే అదే చదివి చెబుతోంది. ఇంటికొక పిల్లని నమ్ముకుని కూర్చునే రోజులు పోయాయి. మంచిదే.

మీలో ఎవరైనా ఇలా పెద్దవాళ్ళకి ఒకటి చదివి ఇంకోటి చెప్పారా? చెప్పుంటే కింద కామెంట్లలో రాయండి... పేరు లేకుండా అయినా సరే.

తమ్ముడు చూస్తాడేమోనన్న బెంగ నాకు లేదు. వాడూ ఇక్కడే ఉన్నాడు, నా ప్రతి పోస్టుకీ లైకు కొడతాడు. దీనికీ కొడతాడు. ఇంత పొడుగున్నవి వాడు చదవలేడు.