దగ్గు సంగతి చెప్పని వార్డరు

ముప్పయ్యేళ్లు జైలు వార్డరుగా చేసి ఇంటికొచ్చిన పెద్దాయన ఇప్పటికీ ఏ గుమ్మం ముందైనా ఆగి, దగ్గి, ఆపైనే అడుగు లోపల పెడతాడు.

"జలుబా, జ్వరమా? ఆ దగ్గేంటండీ?" అని భార్య విసుక్కుంటుంది.

అది ఏడో గది ఖైదీ కోసం నేర్చిన దగ్గు. ఇద్దరిని నరికి వచ్చిన వాణ్ణి అందరూ గొడ్డలి అనేవారు. వెనక నుంచి ఎవరైనా చప్పుడు లేకుండా వస్తే వాడికి ఒళ్లు తెలిసేది కాదు, మీదపడి కొట్టేవాడు. అది కనిపెట్టిన వార్డరు పదడుగుల దూరంలోనే దగ్గేవాడు. "రా అన్నా, నువ్వేగా!" అనేవాడు గొడ్డలి, తల తిప్పకుండానే. ఆరేళ్ల స్నేహం అలాగే కుదిరింది.

తమ్ముడికి ఆపరేషనని సెలవు పెట్టినప్పుడు కొత్త వార్డరుకి తాళాలిచ్చి అన్నీ చెప్పాడు, దగ్గు సంగతి తప్ప. చెబితే నోటి ముత్యాలు రాలిపోయేవా? నవ్విపోతారని సిగ్గుపడ్డాడంతే.

తిరిగొచ్చేసరికి ఏడో గది కడిగేసి ఉంది. కొత్తవాడు వెనక నుంచి వెళ్లి భుజం తట్టాడట. గొడ్డలి మీదపడితే, కొత్తవాణ్ణి విడిపించడానికి నలుగురు లాఠీలతో దిగారట. గొడ్డలి మళ్లీ లేవలేదు.

నిన్న సామాన్ల గది ముందు పెద్దాయన దగ్గుతూ నిలబడ్డాడు.

"లోపలెవరూ లేరండీ" అంది భార్య.

"తెలుసు" అని, మళ్లీ దగ్గాడు.