పెరట్లో నడిచిన కొరమీను

ఎవరైనా "మీరేం చెబుతారండీ?" అని అడిగితే "సైన్సు" అనేదాన్ని. సైన్సులో ఏమిటని అడిగేలోగా మాట మార్చేసేదాన్ని. జంతుశాస్త్రం అన్నా పెద్ద ప్రమాదం లేదు, జంతువులంటే జనానికి ఏనుగూ పులీ గుర్తొస్తాయి. కానీ నాకు బందరు కాలేజీలో అప్పజెప్పినవి చేపలు. అందులోనూ చెరువుల్లో, కాలువల్లో దొరికే మంచినీటి చేపలు. ఉల్లిపాయ కూడా గడప దాటి రాని ఇంటి పిల్లని నేను.

అరవైల మొదట్లో మాట. నాన్న పోయాక గుడివాడలో మేముండే వాటా ఖాళీ చేసి అమ్మా నేనూ బందరు వచ్చేశాం. నాది డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం, అదీ టెంపరరీ. అది నిలబడితే మా ఇద్దరికీ ఒక ఇల్లు ఉన్నట్టు. లేకపోతే గుడివాడలో మావయ్యగారింట్లో ఒక మూల. మావయ్య చెడ్డవాడేం కాదు. నేను చేపలు కోసే చదువులో చేరానని తెలిసినప్పటి నుంచీ మా ఇంట్లో మంచినీళ్లు పుచ్చుకోవడం మానేశాడు, అంతే.

కాలేజీ నుంచి రాగానే పెరట్లో స్నానాల దడిలోకి పోయి, బట్టలు తడిపేసి, తలస్నానం చేసి గానీ లోపలికి వచ్చేదాన్ని కాదు. చేతులు చింతపండు పెట్టి తోముకునేదాన్ని. సీసాల్లో చేపల్ని నిలవ ఉంచే ఫార్మలిన్ వాసన ఉందే, అది చింతపండుకి లొంగే రకం కాదు. తలకి సాంబ్రాణి వేసుకుంటే ఆ రెండు వాసనలూ కలిసి ఇంకా ఘోరంగా ఉండేది. అమ్మ ఒక్క మాట అనేది కాదు. పొరపాటున నేను తగిలితే మాత్రం మాట్లాడకుండా లేచి నూతి దగ్గరికి వెళ్లి మళ్లీ నీళ్లు పోసుకునేది. గిలక కిర్రుమన్నప్పుడల్లా లోపల కూర్చుని నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. తిట్టినా బాగుండేది.

ఇంకో సిగ్గు కూడా ఉంది, అది అమ్మకి తెలియదు, కాలేజీలో అందరికీ తెలుసు. నేను బతికున్న చేపని ఎప్పుడూ చేత్తో ముట్టుకోలేదు. సీసాలోదైతే పటకారుతో తీసి, రెక్కల ముళ్లు లెక్కపెట్టి, పొలుసుల వరసలు చూపించి, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేదాన్ని. బతికున్నదైతే మా అటెండరు పట్టుకునేవాడు, నేను దూరం నుంచి పెన్సిలుతో చూపించేదాన్ని. అది తోక కొడితే వెనక్కి గెంతేదాన్ని. వెనక బెంచీల్లో కిసుక్కున నవ్వులు వినిపించేవి.

మేముండేది ఒక పెద్ద ముత్తైదువ గారింట్లో వెనక రెండు గదులు. ఆవిడకి మడీ ఆచారం బాగా పట్టింపు. ఇల్లు అడగడానికి వెళ్లినప్పుడు "అమ్మాయి ఏం ఉద్యోగం చేస్తుందమ్మా?" అని అడిగితే, "సైన్సు చెబుతుందండీ" అని నాకన్నా ముందు అమ్మే అనేసింది. సంబంధాల వాళ్లకీ అదే మాట. ఇద్దరం ఆ మాట వెనకాల దాక్కుని కాపురం చేశాం.

వానలు మొదలైన రోజుల్లో మా హెడ్డుగారు నన్ను పిలిచి, సోమవారం యూనివర్సిటీ నుంచి ఇద్దరు పెద్దలు కాలేజీ చూడడానికి వస్తున్నారని చెప్పారు. "నీ ప్రాక్టికల్ క్లాసులో కూడా కూర్చుంటారమ్మా. గాలి పీల్చే చేపల కుటుంబం తీసుకో. వాళ్లకి నచ్చితే నిన్ను పర్మనెంట్ చేయమని నేను రాస్తాను. నచ్చకపోతే మాత్రం నా చేతుల్లో ఏం లేదు."

గాలి పీల్చే చేప అంటే కొరమీనే. దాని మొప్పల పైన చిన్న గది లాంటిది ఉంటుంది. నీటి పైకి వచ్చి గాలి గుటక వేసి అందులో నింపుకుంటుంది. అద్దాల తొట్టిలో నీటిమట్టానికి కాస్త కింద ఒక జల్లెడ బిగించి, పైకి రానివ్వకుండా చేస్తే, చేప అయ్యుండి నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. అది చూపించాలని నా ఏర్పాటు.

శనివారం మధ్యాహ్నం అటెండరు గుడివాడ కాలువలో పట్టిన కొరమీనుని బకెట్లో తెచ్చాడు. మూరెడు పొడవు, నల్లటి వీపు, అచ్చం పాము తల. "మేడంగారూ, దీన్ని ఇక్కడ వదిలి వెళ్లకండి. పోయిన ఏడాది రెండు తెస్తే ఆదివారం దాటేసరికి రెండూ మాయం. బందర్లో కొరమీను పులుసుకి ఆగేవాడు ఎవడండీ? నన్ను నేనే నమ్మను," అని నవ్వాడు.

అతను నవ్వాడు గానీ నాకు భయం పట్టుకుంది. తాళం చెవులు నలుగురి దగ్గర ఉన్నాయి. ఇక చేసేదేముంది? బకెట్టు మీద తడి గోనెపట్టా కప్పి, రిక్షాలో కాళ్ల మధ్య పెట్టుకుని, దారిలో తెలిసినవాళ్లు ఎదురైతే పమిట దాని మీదికి లాక్కుంటూ ఇంటికి చేరాను. ఇంటావిడ పడుకుని ఉన్న వేళ చూసి స్నానాల దడిలో పెట్టి, గోనెపట్టా మీద ఒక ఇటుక ఉంచాను.

అమ్మకి చెప్పక తప్పలేదు. దడి బయటే నిలబడి తొంగి చూసి, "ఎప్పటివరకూ ఇక్కడ?" అంది. సోమవారం పొద్దున వరకూ అన్నాను.

ఆ సాయంత్రం పాఠం ఒకసారి పైకి చదువుకుంటుంటే అమ్మ గుమ్మం అవతల కూర్చుని విన్నది. గుడివాడలో మా వీధిలో ఏ సంబంధం కుదరాలన్నా ముందు అమ్మ దగ్గరికే వచ్చేవాళ్లు, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పించుకోవడానికి. కుటుంబం అన్న మాట చెవిన పడేసరికి ఆవిడ ఊరుకోలేకపోయింది.

"వాటికి ఇంటిపేరు కూడానా?"

"ఉందమ్మా. పాముతల చేపలంటారు. కొరమీను, దానికన్నా చిన్నది మట్టగిడస, ఇంకా చాలా ఉన్నాయి. పూర్వం పండితులు పొట్ట కింద రెక్కలు ఉన్నవాటిని ఒక జాతిగా, లేనివాటిని ఇంకో జాతిగా విడదీశారు. ఆ రెక్కలు లేనంత మాత్రాన వేరు కాదని తరవాత కలిపేశారు."

"వేరుపడ్డ అన్నదమ్ములన్నమాట. ఇంకా?"

"మీసాలుండే మార్పు చేప కూడా గాలి పీలుస్తుంది. అదీ బురదలో బతుకుతుంది. కానీ వీటికి చుట్టం కాదు."

"ఒకే వీధిలో కాపురం ఉంటే చుట్టాలైపోతారేంటి?" అంది అమ్మ. నాలుగు పేజీల్లో నేను రాసుకున్నది అదే.

ఇవి మన దేశం నుంచి చైనా దాకా ఉన్నాయనీ, మళ్లీ ఎక్కడో ఆఫ్రికాలో కొన్ని రకాలున్నాయనీ చెప్పాను. "అంటే సముద్రం దాటాయా?" అంది. ఉప్పునీళ్లు వీటికి పడవని చెప్పాను. క్లాసు పిల్లల్ని తీసుకుని దివిసీమ వెళ్లినప్పుడు చూశాం. చల్లపల్లి వైపు కాలువల్లో కావలసినన్ని ఉన్నాయి, నాగాయలంక దాటి కృష్ణ ఉప్పెక్కిన చోట ఒక్కటీ దొరకలేదు.

"మరెలా వెళ్లాయే అంత దూరం?"

"నేల మీదుగానే. వాగులోంచి వాగులోకి, చెరువులోంచి చెరువులోకి, లక్షల ఏళ్లు. వాన పడితే తడినేల మీద నడుస్తాయట."

"చాల్లే, చేపలు నడుస్తాయిట! ఆ యూనివర్సిటీ పెద్దల ముందు ఇలాంటివి వాగకు, ఉన్న ఉద్యోగం ఊడుతుంది," అని లేచి వెళ్లిపోయింది.

నాకూ కొంచెం అనుమానంగానే ఉండేది. నేనూ పుస్తకంలో చదివిందే కదా. హిమాలయాల పాదాల దగ్గర ఈ కుటుంబానికి చెందిన పాత ఎముకలు దొరికాయనీ, ఇవి మన గడ్డ మీద పుట్టి అటూ ఇటూ వెళ్లి ఉంటాయనీ చాలా ఏళ్ల తరవాత చదివాను. అప్పటికి నా దగ్గరున్నది 'నడుస్తాయట' అన్న ఆ 'ట' ఒక్కటే.

ఆదివారం పొద్దున వాన దంచి కొట్టింది. తగ్గుముఖం పట్టాక పెరట్లోంచి "పాము! పాము!" అని ఇంటావిడ కేక. వసారాలో బియ్యం చేటతో సహా బల్ల మీదికి ఎక్కేసి ఉంది. దడిలో గోనెపట్టా ఒక మూలకి ఒరిగిపోయింది, ఇటుక కింద పడి ఉంది. బురద నీళ్లు పారుతున్న పెరట్లో మా కొరమీను ఒళ్లంతా మెలికలు తిప్పుతూ, మొప్పల పక్క రెక్కల్ని ఊతంగా ఆనించుకుంటూ, నిజంగానే, ఎవరో పని మీద పిలిచినట్టు, ఇంటావిడ వసారా వైపే నడిచి వెళ్తోంది.

ఆ మొదటి క్షణం నాకు సంతోషం వేసింది. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. మరుక్షణం పక్కింటాయన కర్ర పట్టుకుని గోడ దిగాడు. ఆయన వెనక ఇంకో నలుగురు.

"కొట్టకండి, అది చేప!" అని అరిచాను.

అందరూ నన్ను చూశారు. "చేపా? మా ఇంట్లో చేపా?" అంది ఇంటావిడ, బల్ల మీంచే. ఇక దాచడానికేమీ మిగల్లేదు. పట్టుకుందామని పరిగెత్తి వంగాను. అది తోక ఒక్కసారి కొట్టేసరికి వెనక్కి గెంతి బురదలో కూలబడ్డాను. మళ్లీ లేచి చెయ్యి చాచాను. వేళ్లకి ఆ చల్లటి జిగురు తగలగానే చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసింది. పక్కింటి పిల్లలు పగలబడి నవ్వారు. "ఈ అమ్మాయి చెప్పేది చేపల పాఠమట్రా!" అన్నారెవరో. ఎవరో ఎప్పుడో కనుక్కునే ఉన్నారన్నమాట. చేపల వంశవృక్షం అంతా కంఠతా వచ్చినదాన్ని, ఆ వంశంలో ఒక్కదాన్ని పట్టుకోలేక, చీరంతా బురదతో, మా అమ్మ చూస్తుండగా, ఏడుపు ఆపుకుంటూ నిలబడ్డాను.

అమ్మ అప్పుడే నీళ్లు పోసుకుని మడి కట్టుకుని ఉంది. మెట్లు దిగి వచ్చింది. వంగి, ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టి, ఒక్క ఊపున ఎత్తి మడిచీర కొంగులో గుండెకి అదుముకుంది. అది ఒకటి రెండు సార్లు కొట్టుకుని ఊరుకుంది.

"పిల్లల్ని ఒళ్లంతా ఆముదం రాసి కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసినదాన్ని. జారేదాన్ని పట్టుకోవడం కూడా తెలియదా నాకు?" అంది నాతో. తరవాత ఇంటావిడ వైపు తిరిగి, "పాము కాదు అక్కయ్యగారూ, కొరమీను. మా అమ్మాయిది. దీని గురించి పాఠం చెప్పి అది నాకింత అన్నం పెడుతోంది," అంది.

ఇంటావిడ చేట పట్టుకుని బల్ల దిగింది. "నెలాఖరుకి ఖాళీ చేయండమ్మా," అంది. గట్టిగా కూడా అనలేదు పాపం.

అమ్మ చేపని బకెట్లో వేసి, ఇటుక పక్కన ఇంకో ఇటుక పెట్టి, చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్లింది. గిలక కిర్రుమంటుందని ఎదురు చూశాను. కిర్రుమనలేదు. ఆ మడిచీరతోనే వండి నాకు వడ్డించింది. తల ఎత్తి ఆవిడ మొహం చూడలేక కంచంలోకే చూస్తూ తిన్నాను.

"నడుస్తాయంటే నమ్మలేదే నిన్న," అంది మజ్జిగ పోస్తూ.

సోమవారం జల్లెడ తొట్టిలో బిగించాను గానీ, అది పైకి రావడానికి కొట్టుకుంటుంటే చూడలేక నిమిషంలో తీసేశాను. పెద్దలిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. పాఠం చెడిపోయిందనుకున్నాను. ఇక పోయేదేముందని, చేప ఎలా నడుస్తుందో మా పెరట్లో చూసింది చూసినట్టు చెప్పాను, నేను బురదలో పడడంతో సహా. క్లాసంతా నవ్వింది, వాళ్లూ నవ్వారు. చెప్తున్నంతసేపూ నా చెవులు మండిపోతూనే ఉన్నాయి. హెడ్డుగారు రాస్తానన్నది రాశారు.

నెలాఖరులోగా చిలకలపూడి వైపు ఒక ఇల్లు చూడడానికి వెళ్లాం. రెండు గదులు, వేరే నుయ్యి, బాగుంది. ఇంటాయన పడక్కుర్చీలో కూర్చుని, "అమ్మాయి ఏం ఉద్యోగం చేస్తుందండీ?" అని అడిగారు. "సైన్సు" అనబోయాను. అప్పటికే నోరు తెరిచాను కూడా.

"చేపల పాఠం చెబుతుందండీ," అంది అమ్మ. "అప్పుడప్పుడు ఒకటి ఇంటికి కూడా వస్తుంది. మీకు అభ్యంతరమైతే ఇప్పుడే చెప్పేయండి."

నేను తల దించుకుని నేల వైపు చూస్తూ నిలబడ్డాను.