రెండు బజార్లూ ఒకే గంటకు

మా ఊరు గురజాల దారిలో ఉంది. ఇక్కడ పెళ్లయినా చావయినా కబురు రెండు వేళలకు పంపుతారు. పైబజారు వాళ్లు పొద్దున వచ్చి పోతే, కిందబజారు వాళ్లు మధ్యాహ్నం వస్తారు. ఒకప్పుడు పంచాయతీ ఎన్నికల్లో తలలు పగిలాయి. అప్పటి నుంచీ ఇదే పద్ధతి.

పోయిన ఎండాకాలం మా నాన్న చనిపోయినప్పుడు తమ్ముడు ఆ సంగతే మరిచిపోయాడు. ఊరి గ్రూపులో ఒకటే మెసేజ్ పెట్టాడు, పదకొండింటికి అంత్యక్రియలని. రెండు బజార్లకీ నడుమనున్న మా వాకిట్లోకి వచ్చి చూద్దును కదా, అటు నుంచీ తెల్లచొక్కాలే, ఇటు నుంచీ తెల్లచొక్కాలే.

"ఏందిరా ఈ పని? అందరికీ ఒకటే టైం పెట్టావా?" అన్నాను.

"రెండు టైములు పెట్టడానికి ఇదేమన్నా సినిమా ఆటా అక్కా?" అన్నాడు గానీ, వాడి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు.

మా నాన్న కుర్రతనంలో మిలటరీలో చేసి, యుద్ధానికి కూడా వెళ్లొచ్చాడు. అక్కడేం చూశాడో మాకు చెప్పలేదు. దీపావళి నాడు మాత్రం బయట టపాకాయలు మొదలవగానే వంటింట్లోకి పోయి తలుపేసుకుని ఉల్లిపాయలు ఒలిచేవాడు. పెళ్లికి సరిపడా ఒలిచేవాడు.

తర్వాత బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. ఆఖరికి మా మండలంలోనే మేనేజరయ్యాడు. మిరపకైనా బోరుకైనా లోను కావాలంటే రెండు బజార్లూ ఆయన దగ్గరికే రావాలి. ఒకసారి నేను క్యారియరు తీసుకుని వెళ్లేసరికి కిందబజారు పెద్దాయన వరస తప్పించి ముందుకొచ్చి గొడవ పెట్టుకుంటున్నాడు.

"పైబజారోడి ఎనకమాల నేను నిలబడాలా బావా?"

నాన్న కుర్చీలోంచి లేచాడు. "నాకు తుపాకి గురిపెట్టినోడికి కూడా ఇంత కోపం లేదు బావా. పోయి నీ వరసలో నిలబడు."

బ్యాంకంతా నవ్వింది. ఆయనా నవ్వలేక నవ్వి వెనక్కి పోయాడు.

అట్లాంటి మనిషి చాప మీద పడుకుని ఉన్నాడు. ఇప్పుడు వాళ్లను ఆపేదెవరు? నరసరావుపేట నుంచి ఇద్దరు మాజీ సైనికులు వచ్చి సెల్యూట్ కొట్టారు. ఆ కాసేపే వాకిలి సద్దుమణిగింది. కట్టెలు కొట్టిన గొడ్డళ్లు రెండు అరుగు పక్కనే కనిపించాయి. ఎవరూ చూడకుండా వాటి మీద గోతం పట్టా కప్పాను.

భయపడినట్టే అయింది. పాడె ఎత్తబోతుంటే పైబజారు పెద్దాయన ముందుకొచ్చి, "మా పొలాలకి బోర్లు ఏయించిన అన్న. మేం మోస్తాం" అన్నాడు.

"ఆయన నాకు బావయ్యా. మాకేం కాడా?" అంటూ కిందబజారాయన అదే వెదురుబొంగు పట్టుకున్నాడు. వెనక కుర్రాళ్లు దగ్గరికి జరిగారు.

నాన్న తల దగ్గర కూర్చున్న అమ్మ లేచి నిలబడింది. "ఏమయ్యా మరిదీ, ఏమయ్యా అన్నా, ఎండెక్కుతా ఉంది. మోసేవాళ్లు మోయండి. పోట్లాడుకునేవాళ్లు రేపు రండి, కాఫీ పెట్టిస్తా."

ఆ బజారోళ్లు ఇద్దరు, ఈ బజారోళ్లు ఇద్దరు పట్టి పాడె ఎత్తారు.

మాలో ఆడవాళ్లు కాటికి వెళ్లరు. పాడె వాటర్‌ట్యాంకు మలుపు తిరిగాక ఇక కనిపించదు. దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, పోయిన మనిషిని మూడుసార్లు పిలుస్తారు. మళ్లీ ఎత్తేటప్పుడు భుజాలు మారతాయి. గొడవంటూ జరిగితే అక్కడే జరగాలి. నేను గేటు పట్టుకుని చెవులు అటే పెట్టాను.

డప్పులు ఆగాయి. పెద్దగా అరుపులు వినబడ్డాయి. అవి పిలుపులో తిట్లో తెలియలేదు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. చానాసేపటికి డప్పులు మళ్లీ మొదలయ్యాయి. అయినా నేను గేటు వదల్లేదు.

రెండు గంటల తర్వాత తమ్ముడు తడిబట్టలతో వచ్చాడు.

"గొడవైందా?"

"లేదక్కా."

"మరి ఆ అరుపులేంది?"

"నాన్నని పిలవమంటే నాకు గొంతు పెగల్లా. ఆ పెద్దోళ్లిద్దరే పిలిచారు. ఒకాయన బావా అని, ఒకాయన అన్నా అని."

"తరవాత?"

"భుజాలు మార్చుకున్నారు. మాటలు మాత్రం లేవు."

నేను గేటు వదిలి అక్కడే కూలబడ్డాను. అప్పుడు ఏడుపొచ్చింది.