రాజాను ఎక్కించిన ఆటో

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేము తిరువూరులో ఉండేవాళ్ళం. ఎవరో కొట్టి గంపలగూడెం రోడ్డు మీద వదిలేసిన కుక్కను మావారు ఇంటికి తెచ్చారు. రెండో తరగతి చదివే మా పాప దానికి రాజా అని పేరు పెట్టింది. ఆ రాజాగారు గిన్నె చప్పుడైతే చాలు, మంచం కింద దూరేవాడు.

నెల తిరక్కుండానే పాపకు దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి.

"కుక్క వెంట్రుకలమ్మా, ముందు దాన్ని వదిలించుకో" అన్నారు అత్తగారు. నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. వణికిపోతున్న రాజాను నేనే షేర్ ఆటోలోకి నెట్టి, పెనుగొలనులో తెలిసిన రైతు ఇంటికి పంపేశాను.

దగ్గు తగ్గలేదు. వారం తర్వాత డాక్టరు గారు, "ఇంట్లో పక్షులున్నాయా?" అని అడిగారు.

"ఆరు లవ్ బర్డ్స్ అండి! నా మంచం పక్కనే పంజరం. రోజూ నేనే ఊడుస్తా" అంది పాప గర్వంగా.

"ఆ దుమ్ము మీదే నా అనుమానమమ్మా. పంజరం బయట పెట్టండి. పెద్దవాళ్ళే ముక్కుకి గుడ్డ కట్టుకుని, తడిపి శుభ్రం చెయ్యండి" అన్నారాయన. నాకు తల కొట్టేసినట్టయింది. రాజా వచ్చిన కొత్తల్లోనే ఆ పంజరం కొన్నది నేనే.

పంజరం వరండాలోకి మారాక దగ్గు తగ్గింది. వెంటనే పెనుగొలను పరుగెత్తాం. దారంతా, రాజా పారిపోయి ఉంటే పాపకేం చెప్పాలన్న ఆలోచనే.

"సరిగ్గా తిండే తినట్లేదండి" అన్నాడు రైతు, గడ్డివాము వెనక నక్కిన రాజాను చూపిస్తూ. ఎంత పిలిచినా రాలేదు. పాప కాస్త దూరంగా కూర్చుని ఊరుకుంది. గంట తర్వాత రాజాయే మెల్లగా వచ్చి పాప ఒళ్ళో తల పెట్టాడు.

తర్వాత తొమ్మిదేళ్ళు రాజా మాతోనే ఉన్నాడు. గిన్నెల భయం పోయింది. గుమ్మం ముందు ఆటో ఆగితే మాత్రం చివరిదాకా మంచం కింద దూరేవాడు. మొదటి భయం ఎవరు పెట్టారో తెలియదు. రెండోది నేను పెట్టిందే.