నూనె కొప్పెర పటం కింద చీటీ

మొన్న మనవరాలు పట్నంలో మ్యూజియం చూపిస్తానని తీసుకువెళ్ళింది. ఫినాయిల్‌తో తుడిచిన చల్లని గచ్చు, గోడలనిండా పాత పటాలు, ఒక్కొక్క పటం కింద ఒక తెల్లని చీటీ. వచ్చినవాళ్ళందరూ ముందు వంగి చీటీ చదివి, ఆ తర్వాత తలెత్తి, చీటీ చెప్పినది పటంలో ఉందో లేదో సరిచూసుకుని ముందుకు సాగిపోతున్నారు. ఒక చీటీని ఆ ఉదయమే అంటించినట్టున్నారు, పచ్చి జిగురు వాసన కొడుతోంది. ఆ వాసనకు నేను అక్కడే ఆగిపోయాను. అలాంటి చీటీ కింద నెత్తురు కారడం నేను చిన్నప్పుడు చూశాను.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. చీపురుపల్లిలో మా నాన్నగారిది గోగునార వ్యాపారం. మామిడి పూత రాలి పిందె పడే వేళకు అమ్మవారి తీర్థం వచ్చేది. బెల్లం పాకం లాగి లాగి మేకుకు వేలాడదీసే జీళ్ళ దుకాణాలు, మరమరాల ఉండలు, మట్టి బుర్రపిట్టలు, డప్పుల మోత, బలిచ్చిన మేకపోతుల నెత్తురు తొక్కుకుంటూ నడిచే జనం, ఆ నెత్తురు మీద చల్లిన పసుపునీళ్ళ వాసన, ఇవన్నీ దాటుకుని వెళితే చివర నరకం పటాల డేరా ఉండేది. వెదురు బొంగులకు కట్టిన నిలువెత్తు గుడ్డల మీద యమభటులు పాపులను రంపాలతో కోస్తూ, నాలుకలు పట్టకారుతో పెరుకుతూ, ఇనుప ముక్కుల కాకుల చేత కళ్ళు పొడిపిస్తూ ఉండేవారు. మేము అరచేతులతో కళ్ళు మూసుకుని వేళ్ళ సందుల్లోంచి చూసేవాళ్ళం.

నన్ను చంకనెత్తుకుని తీసుకువెళ్ళేది పైడమ్మ. మా ఇంట్లో వడ్లు దంచడానికి వచ్చేది. ఆమె మొగుడు తవిటయ్య బండి తోలేవాడు, కల్లు తాగి ఆమెను కొట్టేవాడు. ఆమె వీపు మీద ములుకోల వాతలు నేను వేలితో తడిమి చూసేదాన్ని. డేరాలో అన్ని పటాలూ గబగబా దాటి పైడమ్మ ఒక్క పటం దగ్గర మాత్రం చాలాసేపు నిలబడేది. సలసల కాగే నూనె కొప్పెరలో మెడదాకా మునిగిన మనిషి. ముఖం అటు తిరిగి ఉంది, మనకు కనబడేది తల వెనక జుట్టు ముడి ఒక్కటే.

"ఈడు ఆలిని కొట్టినోడు పాపా. సూడు, ఎలాగుడికిపోతన్నాడో," అని తృప్తిగా నిట్టూర్చేది. పక్కనున్న ఆడవాళ్ళూ అవునవునని తలలూపేవారు. అప్పటికి పటాల కింద రాత లేదు. ఎవరి పాపిని వాళ్ళు చూసుకునేవారు.

ఆ ఏడు మాత్రం డేరా ఆసామి, చదువుకున్నవాళ్ళు కూడా రావాలని, ఎవరో మేష్టారి చేత చీటీలు రాయించి పటాలకు అంటించాడు. కర్రతో ఒక్కొక్క చీటీనే చూపిస్తూ గట్టిగా చదివాడు. కొప్పెర దగ్గరకు వచ్చి, "మగని మాట మీరిన ఆలు," అన్నాడు.

పైడమ్మ చంకలో నేనున్నాను. ఆమె ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోవడం నాకు తెలిసింది. ఆ పొద్దున్నే కల్లుకు గింజలివ్వనని మొగుడితో తగువాడి వచ్చింది. మా వెనకే నిలబడ్డ తవిటయ్య ఒక్కుదుటున ఆమె జుట్టు పట్టాడు. నేను జారి కింద పడ్డాను.

"ఇన్నావేటే? నీ గురించే రాసున్నాది! రాత అబద్దమాడతాదేటే?" అంటూ ఆమె ముఖాన్ని పటానికేసి మోదాడు. పటం వెనక వెదురుబొంగు ఉంది. పెదవి చిట్లింది, రెండో దెబ్బకు పన్ను ఊడింది. కొప్పెర కింద రంగుతో వేసిన మంటల మీద అసలు నెత్తురు పడింది. డేరా నిండా మగవాళ్ళున్నారు, ఒక్కరూ అడ్డం రాలేదు. "రాసున్నాది కదేటి," అన్నాడొక పెద్దమనిషి.

మా మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, అక్షరమ్ముక్క రాని మనిషి. అయినా అక్షరమున్న కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోకుండా కదలనిచ్చేది కాదు, చింపితే చదువుతల్లికి దెబ్బ తగులుతుందనేది. మాతో తీర్థానికి వచ్చి వెనకబడ్డ ఆవిడ, ఆ గోల విని జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చీటీని చింపలేదు. డేరాలో ఉన్న నీళ్ళకుండలో కొంగు ముంచి, చీటీ మీద అదిమి పట్టి, జిగురు నానాక చిరుగు పడకుండా ఊడదీసి, కళ్ళకద్దుకుని బొడ్లో దోపుకుంది.

"ఒరే తవిటీ, ఇప్పుడు సూడరా. ఆ ముడి ఎవలిది?"

ఆ కాలంలో మగవాళ్ళకూ జుట్టు ముడి ఉండేది. ఒక ఆడమనిషి గొంతు పెంచి, "ఓలమ్మా, అచ్చం తవిటయ్య ముడేనే!" అంది. ఆడవాళ్ళందరూ గొల్లున నవ్వారు.

ఆ నవ్వుతో అతనికి వెర్రెత్తింది. బొంగు పెరికి పైడమ్మ తల మీదకెత్తాడు. మామ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఎండుకంప విరిగిన చప్పుడైంది. పటాలు కూలి జనం మీద పడ్డాయి, కేకలు, తొక్కిసలాట. ఆ గుడ్డల కిందినుంచి పైడమ్మ లేచింది. ఏనాడూ మొగుడికి ఎదురు చెయ్యెత్తనిది, అతని చేతిలో బొంగు లాక్కుని మోకాలి మీద కొట్టింది. అతను కూలబడ్డాక ఇంకోటి కొట్టింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ తవిటయ్య కుంటుతూనే నడిచాడు.

మామ్మను ఇంటికి నడిపించుకొచ్చి, నోటి నెత్తురు తుడుచుకుంటూ పైడమ్మ అంది, "నానింక ఆ ఇంటికెల్లనమ్మా."

"ఎల్లకు. నా సెయ్యిరిగింది, ఇంక వంటెవలు సేస్తారే?" అంది మామ్మ.

మర్నాడే ఆసామి కొత్త చీటీ అంటించాడని విన్నాం, ఈసారి ఇంకా పెద్ద అక్షరాలతోనట. పైడమ్మ మళ్ళీ ఆ డేరా గడప తొక్కలేదు. తవిటయ్య రెండుసార్లు వీధిలోకొచ్చి అరిచిపోయాడు. మామ్మ చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఆ వంకర చేత్తోనే ఆవిడ రోజూ దేవుడికి హారతిచ్చేది. ఆ ఇద్దరి చేతి అన్నం తిని పెరిగిన పుణ్యం నాకిచ్చిన సింహాద్రి స్వామికి ఇప్పటికీ పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటాను.

ఆ డేరా ఇప్పుడు లేదు. ఆ గుడ్డలు ఏ అటక మీద ఎలుకల పాలయ్యాయో. మగవాళ్ళ ముడులూ పోయాయి, పైడమ్మా పోయింది. నా పెళ్ళిలో తీసిన ఆవిడ ఫొటో మా హాల్లో ఉంది. దానికి చట్రం కట్టించినప్పుడు మా అబ్బాయి, "కింద ఏమని రాయించమంటావమ్మా? వంటమనిషి అనా?" అనడిగాడు. ఏమీ వద్దన్నాను. వచ్చినవాళ్ళు తలెత్తి ఆ ముఖాన్నే చూస్తారు. "మీ అత్తగారాండీ?" అంటారొకరు. "ఎంత శాంతమైన మనిషో," అంటారింకొకరు. మొన్న మా పక్క వాటాలో అద్దెకు దిగినవాళ్ళ కొత్త కోడలు మాత్రం చాలాసేపు చూసి, "ఈవిడ ఎవర్నో కొట్టినట్టున్నారండీ," అంది.

కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, మొత్తం చెప్పాను.